అట్ ది రేట్‌కి అటూ ఇటూ

తొంభైల చివర్లో, కంప్యూటర్ డిప్లొమా పూర్తి చేసి ఇంట్లో ఖాళీగా కూర్చున్న రోజుల్లో, ఉప్పల్ దగ్గర ఒక పరిశోధన కేంద్రంలో నాకు తాత్కాలిక ఉద్యోగం దొరికింది. ఆముదం పంట మీద పనిచేసే విభాగం అది. మా ఇల్లు నాచారంలో. నాయిన రైల్వేలో ఫిట్టర్. పొద్దున్నే ఆయన టిఫిన్ డబ్బా సైకిల్‌కి తగిలించుకుని ఒకవైపు వెళితే, నేను హబ్సిగూడ చౌరస్తా దాకా సెవెన్ సీటర్ ఆటోలో ఇరుక్కుని, అక్కడ బస్సు పట్టుకుని ఇంకోవైపు వెళ్లేదాన్ని.

నా పై అధికారి ఒక మేడం. గోదావరి జిల్లా మనిషి. పెళ్లి చేసుకోలేదు. నూలు చీర, పెద్ద బొట్టు, ఎప్పుడు చూసినా పొలం మట్టి అంటుకున్న చెప్పులు. మొదటి రోజు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఆముదం గురించి నీకేం తెలుసమ్మాయ్?" అని అడిగారు.

"చిన్నప్పుడు మా అమ్మ ముక్కు మూసి తాపేది మేడం. గంతే ఎరుక" అన్నాను.

ఆవిడ కళ్లద్దాలు తీసి మరీ నవ్వారు. ఆ నవ్వుతోనే నాకు అక్కడ కుర్చీ ఖాయమైందని ఇప్పటికీ అనుకుంటాను.

మేడం రిటైర్మెంట్ దగ్గరపడింది. అదే సమయంలో ఆఫీసులో పాత కంప్యూటర్ తీసేసి కొత్తది పెట్టబోతున్నారు. ఆ పాత కంప్యూటర్‌లో ఆవిడకి వచ్చిన ఈమెయిళ్లన్నీ ఉన్నాయి. దేశదేశాల్లో ఆముదం మీద పనిచేసేవాళ్లు రాసినవి. మేడం ఎవరి అడ్రసూ విడిగా రాసిపెట్టుకోలేదు. ఎవరికైనా రాయాలంటే వాళ్ల చివరి ఉత్తరం వెతికి జవాబు కొట్టడమే. పైగా నాకు ముందు పనిచేసినాయన వెళ్లిపోతూ, ఫ్లాపీలో చోటు మిగులుతుందని, ఉత్తరాల పైన ఎవరు పంపారు, ఎప్పుడు పంపారు అని ఉండే భాగమంతా కోసేసి, మిగతా మాటలన్నీ ఒకే పొడుగాటి ఫైల్లో గుచ్చి పెట్టాడు. ఇక అడ్రసులు ఎక్కడైనా ఉంటే ఆ మాటల మధ్యలోనే ఉండాలి. సంతకం కింద, లేదా "నాకు ఈ అడ్రసుకి రాయండి" అన్న వాక్యంలో.

"అందరికీ ఒక్క ఉత్తరం రాసి వెళ్లిపోవాలమ్మాయ్" అన్నారు మేడం ఒక మధ్యాహ్నం. "ఇన్నాళ్లు మాట్లాడిన మనుషులు. చెప్పకుండా ఎలా పోతాను? కానీ ఇదంతా చదువుతూ కూర్చుంటే నా పెన్షన్ కూడా అయిపోతుంది."

"మీరు సదువుడెందుకు మేడం? ప్రోగ్రాం రాస్తే అదే ఏరుతది."

"నా ఉత్తరాలు నువ్వు చదువుతావా మరి?"

"నేను సదవను. ప్రోగ్రామే సదువుతది. దానికి ఇంగ్లీషు రాదు."

ఆ మాట ఆవిడకి బాగా నచ్చింది. చాలామందికి చెప్పుకున్నారు కూడా.

నాకు అప్పటికి వచ్చిన కంప్యూటర్ భాష సీ ఒక్కటే, అది కూడా పరీక్ష పాసయ్యేంత. ఈమెయిల్ అడ్రసులో తప్పకుండా ఉండేది ఆ తోక చుట్టుకున్న 'ఏ' అక్షరం, మేమంతా అట్ ది రేట్ అని పిలిచేది. అది ఉన్న మాటనల్లా పట్టుకుని బయట పెట్టమని మొదటి ప్రోగ్రాం రాశాను. నడిపాను. తెర మీద పైనుంచి కిందికి జలజలా రాలాయి. మేడం కుర్చీ దగ్గరికి లాక్కుని చూడసాగారు.

"ఇదేమిటమ్మాయ్, ఈయన అడ్రసుకి ముందు బ్రాకెట్టు, వెనక కామా?"

నిజమే. కొన్నింటికి చివర ఫుల్‌స్టాప్ అంటుకుంది. కొన్నింటికి కొటేషన్ గుర్తులు. మధ్యమధ్యలో ఏమీ లేకుండా ఒంటరిగా నిలబడ్డ అట్ ది రేట్‌లు. ఒకదాని చుట్టూ ఏముందో తీసి చూస్తే, మేడం ఎవరికో పంపిన లెక్కకి వచ్చిన జవాబు: గోనె సంచులు, అట్ ది రేట్ ఇంత. మా ప్రోగ్రాం గోనె సంచుల ధరని కూడా మనిషనుకుంది.

ఇంటికి వచ్చాక కూడా నా మనసంతా దాని మీదే. అన్నం తింటూ నాయినకి చెప్పాను.

"అట్ ది రేట్ అంటే బిల్లు మీద రాస్తరు గదా బిడ్డా?" అన్నాడు నాయిన.

"గదే నాయినా. గదే ఇప్పుడు అడ్రసుల గూడ ఉంటది. ఉత్తరాలల్లకెల్లి అడ్రసులు ఏరుతున్న."

"బియ్యంల రాళ్లు ఏరినట్టా?"

మా అమ్మ చారు పోస్తూ అందుకుంది. "రాళ్లు ఏరి పారేస్తం. ఇది ఏరినయి దాసుకుంటదట. నీకు సమజ్ కాకపోతే సప్పుడు జేయకు."

ఆదివారం చర్చి బయట నాయిన పాస్టరు గారితో, "మా బిడ్డ ఉత్తరాలల్లకెల్లి మనుషులను బయటికి తీస్తది" అని చెప్పడం విన్నాను. పాస్టరు గారు అర్థమైనట్టే తలూపారు.

రెండో ప్రోగ్రాం వేరే పద్ధతిలో రాశాను. ఫైల్లో ఒక్కో అక్షరం చూసుకుంటూ పో. అట్ ది రేట్ కనబడగానే ఆగు. అక్కడి నుంచి ఎడమవైపు నడు. అక్షరమో, అంకెనో, చుక్కో, గీతో ఉన్నంతసేపు నడు. వేరేది ఏదైనా తగిలితే నిలబడు. మళ్లీ అట్ ది రేట్ దగ్గరికొచ్చి కుడివైపు అలాగే నడు. కుడివైపు నడిచిన దాంట్లో కనీసం ఒక చుక్క ఉండాలి. చివరి చుక్క వాక్యానిదైతే దాన్ని వదిలెయ్. అటూ ఇటూ ఏమీ లేకపోతే అది గోనె సంచి. ఒకసారి దొరికినది మళ్లీ దొరికితే రాయకు.

ఈసారి శుభ్రంగా వచ్చాయి. ప్రింటర్ గరగరలాడుతూ కాగితం బయటికి తోసింది. మేడం పెన్సిల్ పట్టుకుని ఒక్కొక్కటి చదువుతూ, "ఈవిడ బ్రెజిల్. కుట్టుపని నేర్పమని రాసేది" అనీ, "ఈయన పూనా. ఎప్పుడూ ఆరోగ్యం బాగాలేదంటాడు, నాకంటే గట్టిగా ఉంటాడు" అనీ చెబుతుంటే నాకు పని మానేసి వినాలనిపించింది. అడ్రసులు చూస్తూ ఆవిడ మనుషుల్ని చూస్తున్నారు.

చివరికి వచ్చి ఆగిపోయారు. "ఇథియోపియా ఆయన లేడేం?"

"లేకపోతే రాసి ఉండడు మేడం."

"రాయకపోవడమేమిటి? నాకు మొట్టమొదట ఈమెయిల్ రాసిందే ఆయన. అన్నట్టు, ఆయన కీబోర్డులో ఆ అట్ ది రేట్ మీట పనిచెయ్యదు. ఎప్పుడూ దాని బదులు ఏటీ అని అక్షరాల్లో రాస్తాడు."

ఇంగ్లీషులో 'ఎట్' లేని వాక్యం ఎక్కడుంటుంది? దాన్ని వెతకమంటే ఫైలంతా బయటికి వచ్చేస్తుంది. రెండు రోజులు బస్సులో, ఆటోలో అదే ఆలోచన. హబ్సిగూడలో దిగాల్సిన చోట దిగక తార్నాక దాకా వెళ్లి వెనక్కి వచ్చాను కూడా. చివరికి తట్టింది. మామూలు వాక్యంలో 'ఎట్' తర్వాత వచ్చే మాట మధ్యలో చుక్క ఉండదు. అడ్రసులో ఉంటుంది. ఆ ఒక్క షరతు చేర్చి నడిపితే, చుక్క తర్వాత ఖాళీ వదలకుండా టైపు చేసేవాళ్ల పుణ్యమా అని కాస్త చెత్త వచ్చింది గానీ, దాని మధ్యలో ఇథియోపియా ఆయన నిక్షేపంగా ఉన్నాడు.

"దొరికిండు మేడం!" అని అరిచాను. పక్క గదిలోంచి టైపిస్టు పరుగెత్తుకొచ్చి, "ఎవరు దొరికిన్రు? దొంగనా?" అన్నది.

మేడం రాసిన ఉత్తరం చాలా చిన్నది. నేను రిటైరవుతున్నాను, ఇకమీదట ఈ కొత్త అడ్రసుకి రాయండి అని ముందు. తర్వాత ఒక్క మాట: పొలంలో నిలబడి ఏదైనా అర్థం కానప్పుడు, మీరైతే ఏమంటారా అని ఆలోచించేదాన్ని, మీ వల్ల నేనెప్పుడూ ఒంటరిగా పని చెయ్యలేదు అని.

పంపే ముందు నేను ఆగాను. "మేడం, దీంట్ల మీతోని మాట్లాడినోళ్లే గాదు, ఉత్తరాలల్ల ఎవరో ఎవరి గురించో జెప్పిన అడ్రసులు గూడ వచ్చినయి. జర ఒక్కసారి సూసి కొట్టెయ్యుండ్రి."

"ఎవరికి అందితే ఏం పోయిందమ్మాయ్? తిట్టు కాదు కదా. పంపెయ్."

పంపేశాను. మొదట వచ్చినవన్నీ తిరుగుటపా. ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు అని యంత్రాలు రాసే జవాబులు. మేడం ముఖం చిన్నబోయింది. మర్నాటి నుంచి మనుషుల జవాబులు మొదలయ్యాయి. బ్రెజిల్ ఆవిడ, పూనా ఆయన, ఇథియోపియా ఆయన కూడా. అన్నీ ప్రింటు తీసి ఇస్తుంటే మేడం టీ చల్లారబెట్టుకుని చదివేవారు.

అలా చదువుతూ ఒక కాగితం దగ్గర కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇతనికి ఎవరు పంపారు?"

నేను ఫైల్లో వెతికాను. ఢిల్లీ నుంచి ఎవరో స్నేహితురాలు ఎప్పుడో రాసిన ఉత్తరంలో ఉంది: మీ పాత సహోద్యోగి అడ్రసు ఇది, పట్టుదల మాని ఒక మాట రాయండి అని. చూపించాను.

"ఆ ఉత్తరం నేను చదివాను" అన్నారు మేడం నెమ్మదిగా. "చదివి ఊరుకున్నాను."

తర్వాత ఆవిడే చెప్పారు. ఎనభైల్లో ఆయనా ఆవిడా ఇదే గదిలో ఎదురెదురు బల్లల దగ్గర పనిచేశారట. ఒక ఏడాది ఇక్కడి మళ్లలో ఆముదం ఆకులకి గోధుమరంగు మచ్చలు పడ్డాయి. అది బూజు తెగులని మేడం. కాదు, గాలితో వచ్చే ఫ్యాక్టరీల పొగ అని ఆయన. మాటామాటా పెరిగింది. ఒక మీటింగులో అందరి ముందు ఆయన ఆవిడ లెక్కలు తప్పన్నారు. ఆవిడ ఆయన్ని కళ్లు పరీక్ష చేయించుకోమన్నారు. ఆ తర్వాత ఆయన వేరే ఊరి కాలేజీకి వెళ్లిపోయారు. అంతే, మళ్లీ మాటల్లేవు.

ఆయన జవాబు రెండు ముక్కలే. మీ ఉత్తరం అందింది, చాలా సంతోషం, రిటైరై రామంతాపూర్‌లోనే ఉంటున్నాను. గురువారం వస్తాను, వద్దంటే రాయండి.

"వద్దని రాయాల్నా మేడం?"

"నేనేం అనలేదుగా."

"మరి రమ్మని రాయాల్నా?"

"అదీ అనలేదు."

ఏమీ రాయలేదు. గురువారం మేడం ఇస్త్రీ చీరలో వచ్చారు. చెప్పులకి మట్టి లేదు.

ఆయన స్కూటర్ మీద వచ్చారు. పొడుగ్గా, బక్కగా, చేతిలో సంచి నిండా సీతాఫలాలు. గుమ్మం దగ్గరే నిలబడి, "మంచిగున్నరా మేడం?" అన్నారు.

"బాగున్నాను మాస్టారూ. రండి." కాస్త ఆగి, ఆవిడ నిజం చెప్పేశారు. "ఆ ఉత్తరం మీకని రాసింది కాదు. అందరికీ రాసింది. ఈ అమ్మాయి ప్రోగ్రాం మీ అడ్రసు ఎక్కడి నుంచో ఏరింది."

నేను కంప్యూటర్ వెనక తల దాచుకున్నాను.

"నాకెరుకనే" అన్నారాయన కూర్చుంటూ. "నాకని రాస్తే గంత మంచిగ రాస్తరా మీరు?"

మేడం నవ్వాపుకోలేకపోయారు. మొదటి రోజు నేను చూసిన నవ్వే. ఆయన సంచి బల్ల మీద పెట్టి, ఒక పండు తీసి విప్పి నాకిచ్చారు. "నీ మిషన్‌కు మొక్కాలె బిడ్డా. మా ఇద్దరి నోట్లెకెల్లి రాని మాట అది చెప్పింది."

తర్వాత ఆయన బల్ల మీది ఫైలొకటి చేతిలోకి తీసుకున్నారు, ఇద్దరూ పొలంలోకి నడిచారు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. గట్టు మీద ఆగి ఆయన ఒక ఆకు తుంచి ఎండకి పట్టి చూపించారు. ఆవిడ అది లాక్కుని తిరగేసి చూపించారు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. టైపిస్టు నా పక్కన చేరి, "మళ్ల కొట్లాటేనా?" అని భయపడింది. కాదని నాకు ఆయన చెయ్యి చూస్తే తెలిసింది. మాట్లాడుతూనే మేడం మీద ఎండ పడకుండా ఫైలు అడ్డం పట్టుకుని ఉన్నారు.

మేడం రిటైరై పీర్జాదిగూడలో కట్టుకున్న చిన్న ఇంటికి మారారు. నాకు నాచారంలో ఒక మందుల కంపెనీలో కంప్యూటర్ ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో ఏం చేశావని అడిగితే, అడ్రసులు ఏరానని చెప్పి, ఎలా ఏరానో బోర్డు మీద గీసి చూపించాను. ఇథియోపియా ఆయన దగ్గరికి వచ్చేసరికి అడిగేవాళ్లు కుర్చీల్లో ముందుకు వంగారు.

ఆ తర్వాత కొంతకాలం చాలా ఆదివారాలు నేను చర్చి నుంచి నేరుగా పీర్జాదిగూడ బస్సెక్కేదాన్ని. వాళ్లిద్దరూ కలిసి ఆముదం తెగుళ్ల మీద ఒక చిన్న పుస్తకం రాస్తున్నారు, టైపు చేసేది నేను. ఆ గోధుమరంగు మచ్చల దగ్గర మాత్రం ఏకం కాలేకపోయారు. చివరికి ఆవిడ మాట ఒక పేరాలో, ఆయన మాట ఇంకో పేరాలో పెట్టమన్నారు. ఎవరిది ముందు రావాలన్న దాని మీద ఒక పూట గడిచింది. నేను గేటు తీసేసరికే వీధిలోకి వాళ్ల గొంతులు వినబడేవి. లోపలికి వెళ్లి, మంచినీళ్లు తాగి, కంప్యూటర్ ముందు కూర్చుని, "చెప్పుండ్రి, ఏం కొట్టాలె?" అనేదాన్ని. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టేవాళ్లు.