మా భోజనాల బల్ల దగ్గర డెన్మార్క్ మంత్రి

మొన్న పొద్దున్నే మా అబ్బాయి నా కారు తాళాలు తీసి తన జేబులో వేసుకుని, "అమ్మా, నువ్విక డ్రైవ్ చేయొద్దు, ఎక్కడికెళ్ళాలన్నా క్యాబ్ బుక్ చేస్తాను" అని ఆఫీసుకి వెళ్ళిపోయాడు. ఈ అమెరికాలో, శాన్ రామన్ ఊరి నుంచి ఫ్రీమాంట్ దాకా నా అంతట నేను కారు నడుపుకుంటూ వెళ్ళి, పాత స్నేహితురాళ్ళతో ఓ పూట గడిపి రావడమే నాకు మిగిలిన సరదా. చూపు బాగానే ఉంది, చేతులు వణకవు, అయినా నన్ను ఒక్క మాటైనా అడగలేదు మహానుభావుడు! ఆ ఉక్రోషంతో ఫోన్ తిప్పుతూ కూర్చుంటే డెన్మార్క్ వాళ్ళ వీడియో ఒకటి కనబడింది. అందులో ఉన్న మంత్రిగారు ఒకప్పుడు ఏడాది పాటు మా ఇంట్లో పప్పూ అన్నం తిన్న పిల్ల.

అప్పట్లో మేము ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్ళం. వేరే దేశం పిల్లలు ఇక్కడొక కుటుంబంతో ఉండి ఏడాది హైస్కూల్ చదువుకునే పద్ధతి ఉందని తెలిసి, మా అబ్బాయికి తోడుంటుందని సరేనన్నాం. అలా డెన్మార్క్ నుంచి వచ్చింది పదిహేడేళ్ళ పిల్ల, గుమ్మానికి తల తగిలేంత పొడుగు. వాళ్ళ దేశంలో టీచర్లని కూడా పేరు పెట్టే పిలుస్తారట, అయినా మావాడు నేర్పితే నన్ను ఆంటీ అనీ, మా అత్తగారిని మామ్మ అనీ చక్కగా పిలిచేది. ఇంట్లో ఎవరి పుట్టినరోజైనా బల్ల నిండా చిట్టి కాగితం జెండాలు నిలబెట్టేది, అదీ వాళ్ళ ఆచారమేనట. మా అత్తగారి రవ్వలడ్డూల మీద కూడా గుచ్చింది తల్లి!

అత్తగారు ఇండియా నుంచి వచ్చి మా దగ్గరున్న రోజులవి. మేమంతా బయటికి పోతే ఆవిడ పగలంతా గోడలు చూస్తూ కూర్చునేది. రెండు వీధుల అవతల పార్కులో మన పెద్దవాళ్ళు సాయంత్రాలు చేరుతారని విని, తనూ వెళ్తానంది. మధ్యలో పెద్ద రోడ్డుంది, ఇంగ్లీషు రాదు, ఏమైనా అయితే ఎవరు చూస్తారని మా వారు కుదరదన్నారు. భోజనాల దగ్గర ఆ మాట నడుస్తుంటే ఆ పిల్ల సంగతేమిటని నన్నడిగి తెలుసుకుంది. మామ్మ వెళ్ళాలా వద్దా అని మీరందరూ మాట్లాడుతున్నారు, మామ్మని ఎవరైనా అడిగారా అంది. వాళ్ళ స్కూల్లో, ఇంట్లో ఇలాంటివి చేతులెత్తి తేల్చుకుంటారట. మా వారు నవ్వి, సరే కానీయమన్నారు. సంగతంతా నేను అత్తగారికి తెలుగులో చెప్పాను.

మావాడు రెండు చేతులూ ఎత్తేశాడు. మనిషికి ఒక ఓటేనని ఆ పిల్ల ఒకటి దింపించింది. నేనూ ఎత్తాను. అత్తగారు మాత్రం కొడుకు మొహం చూసి తల దించుకుంది. గెలిచాం కదా, అక్కడితో సరిపెట్టొచ్చు. ఆ పిల్ల సరిపెట్టలేదు. మామ్మ వైపు తిరిగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఒక్క మాటా అనకుండా అలా చూస్తూ కూర్చుంది. చారు చల్లారిపోయింది. అప్పుడు ఆవిడ కొంగు సర్దుకుని మెల్లగా చెయ్యెత్తింది. నా కళ్ళు చెమర్చాయి, ఏం దాచుకోను?

ఆ మర్నాటి నుంచి ఆ పిల్లే వెంట వెళ్ళి, పెద్ద రోడ్డు దాటేచోట ఏ బటన్ నొక్కాలో, సిగ్నల్లో ఏ బొమ్మ వెలిగితే దాటాలో నేర్పింది. తర్వాత అత్తగారు నేత చీర కింద తెల్లటి టెన్నిస్ బూట్లు వేసుకుని ఒక్కతే మహారాణిలా వెళ్ళి వచ్చేది. వస్తూనే పార్కు కబుర్లతో నా చెవులు చిల్లులు పొడిచేది.

ఆ పిల్ల తన దేశం వెళ్ళాక ఏటేటా గ్రీటింగ్ కార్డు రాసేది. టీచరైందనీ, వాళ్ళ ఊరి కౌన్సిల్లో గెలిచిందనీ, పార్లమెంటుకి నిలబడి ఓడిపోయి, సిగ్గేమీ పడకుండా మళ్ళీ బడిలో పాఠాలు చెప్పుకుంటోందనీ, ఇంకోసారి నిలబడి గెలిచిందనీ అలాగే తెలిసింది. మంత్రి అయిందన్న సంగతి మాత్రం ఈ వీడియోలోనే చూశాను. వృద్ధుల బాగోగులు చూసే శాఖట.

వీడియోలో మాటలకి కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయి. ఒక వృద్ధాశ్రమంలో మా పిల్ల ఓ ముసలావిడ పక్కన కూర్చుని, మీకేం కావాలని అడిగింది. ఆవిడ పలకలేదు. వెనక అధికారులు వాచీలు చూసుకుంటున్నారు. మా పిల్ల గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, అదే చూపుతో, అలా కూర్చునే ఉంది. జుట్టు నెరిసింది కానీ ఆ చూపు నాకు తెలియదూ! చివరికి ఆ ముసలావిడ, తోటలోకి వెళ్ళాలనుందని చెప్పింది.

సాయంత్రం అబ్బాయికి చూపించాను. నిలబడే చూశాడు, నవ్వాడు. "అక్క భలే ఎదిగిందమ్మా, సూపర్!" అంటూ నా భుజం తట్టి, మీటింగ్ ఉందని పైకి వెళ్ళిపోయాడు. మెట్లెక్కుతుంటే జేబులో నా తాళాలు గలగలమన్నాయి.

మీ ఇళ్ళలోనూ ఇంతేనేమో. ఇప్పుడు మా ఇంట్లో అబ్బాయీ, కోడలూ, పిల్లలూ ఎవరి కంచం వాళ్ళు గదిలోకి పట్టుకుపోతారు. మా అత్తగారికి లేని ధైర్యం నాకుంది, ఎవరూ అడగకపోయినా చెయ్యెత్తగలను. కానీ ఎత్తాలంటే ముందు వాళ్ళందరూ ఒక్క పూట బల్ల దగ్గర కూర్చోవాలి కదా.