ఎర్తుకు పోసిన సగం కడవ

కంప్యూటరు అనగానే అందరికీ ఏమేమో గుర్తొస్తాయి. నాకు దాహం గుర్తొస్తుంది.

ఎనభైల చివర్లో ఆదోనిలో ఒక పత్తి మిల్లులో పనికి కుదిరాను. ఎమ్మిగనూరులో మగ్గం నేసే మా నాయనకు చూపు మందగించింది. పోగు తెగితే కనబడక మగ్గం దిగేశాడు. ఇల్లు నా జీతం మీదే నడవాలి. ఇంటరు పాసై, టైపు నేర్చుకున్నదాన్నని మిల్లు సావుకారి నన్ను కొత్తగా కొన్న కంప్యూటరు కాటా ముందు కూర్చోబెట్టాడు. బయట ఇనుప పలక మీద పత్తి మూటలు పెడితే, నా బల్ల మీది పెట్టెలో బరువు ఎర్రటి అంకెల్లో వెలిగేది. ఆ పెట్టె వేడెక్కకుండా దాని వీపున అరచేయంత ఫ్యాను తిరిగేది. రేకుల గదిలో నాకు ఫ్యాను లేదు. దానికి ఉంది. అంత గొప్పది మరి!

శివరాత్రి దాటిందో లేదో, అంకెలకు పూనకం వచ్చింది. పలక మీద మూట కదలదు, అంకె మాత్రం పైకీ కిందికీ గంతులేస్తుంది. ఆలూరు నుంచి వచ్చిన రైతు ఒకాయన కిటికీలోంచి తొంగి చూశాడు.

"ఏందిమ్మా, మా పత్తి ఒక సోట నిలబడదా? అంత పొగరుందా దానికి?"

అందరూ నవ్వారు. వెనకాల నిలబడిన హొళగుంద రైతు మాత్రం నవ్వలేదు. "పొగరు పత్తికి గాదు, కాటాకి. ఈ మోసం మాకొద్దు" అని మూటలు మళ్లీ బండికెత్తించాడు.

సాయంత్రం సావుకారి నా బల్ల దగ్గరికి వచ్చాడు. "ఇంకో వారం చూస్తానమ్మా. కుదురుకోలేదంటే దీన్ని వాపసు పంపి పాత రాళ్ల కాటానే పెట్టుకుంటా. రాళ్ల కాటాకి నువ్వెందుకు, నువ్వే చెప్పు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అందుకే ఎక్కువ భయం వేసింది.

నాకు తెలిసిన వైద్యమంతా చేశాను. తీగలు తుడిచాను, పేరుకున్న దూది ఊదేశాను, పెట్టెను అటూ ఇటూ జరిపాను. చివరికి విసుగొచ్చి ఫ్యాను తీగ ఊడబీకితే అంకె బుద్ధిగా నిలబడింది. హమ్మయ్య అనుకునేలోపే పెట్టె కాలే పెనమై మొత్తం ఆరిపోయింది. ఫ్యాను పెడితే గంతులు, తీస్తే చావు. ఏం చెయ్యమంటారు?

బళ్లారి నుంచి మెకానిక్ వచ్చి కొత్త ఫ్యాను బిగించాడు. అయినా అదే ఆట. ఆయన తల గోక్కుని, కరెంటు తీగకూ ఎర్తు తీగకూ మధ్య ఒక బల్బు పెట్టి చూశాడు. బల్బు ప్రాణం లేనట్టు మిణుకుమంది.

"ఫ్యానుది తప్పు లేదమ్మా. మోటారు అన్నాక కరెంటులో రొద చేస్తాది. మన చెవికి వినబడే రొద గాదు. అది ఎర్తు తీగ పట్టుకొని భూమిలోకి దిగిపోవాల. మీ భూమి ఎండిపోయింది, దిగనీయటం లేదు. అందుకే ఎనక్కొచ్చి అంకెల మీద పడతాంది."

గోడ పక్కన ఎర్తు తీగను ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన గుంట చూపించాడు. పైన మన్ను నెర్రెలు విచ్చి ఉంది. రోజూ అర కడవ నీళ్లు పొయ్యమని చెప్పి బస్సెక్కాడు.

ఆ నెలల్లో ఆదోనిలో నీళ్లు పొయ్యమనడం ఎంత సులువు! మిల్లుకు ట్యాంకరుతో నీళ్లు తోలించేవారు. పత్తి గింజలు తీసే షెడ్డులో ఆడవాళ్లకు రోజుకు ఒకే కడవ. ముక్కులో దూది, గొంతులో దూది, ఆ కడవే దిక్కు. సావుకారి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "షెడ్డు కడవలోంచి సగం పొయ్యి" అన్నాడు.

పోశాను. పొయ్యకపోతే నా పని పోతుంది. షెడ్డులో అందరికంటే పెద్దామె గుమ్మంలో నిలబడి చూసింది. "అయ్యో తల్లీ, మేము గొంతెండి సస్తాంటే నీళ్లు మన్నుకి పోస్తాండావా?" అంది. లోపలికి వెళ్లేసరికి అంకె రాయిలా నిలబడి ఉంది. దాన్ని చూస్తే ఒళ్లు మండిపోయింది.

సావుకారి ఇల్లు మిల్లు మీదనే. వాళ్లు అంట్లు తోమిన నీళ్లు కాలువలోకి పోయేవి. అవి పోస్తానని అడిగాను.

"దసరాకు పూజ చేసిన మిషనమ్మా అది! ఎంగిలి నీళ్లు పోస్తే లక్ష్మి నిలబడతాదా?" అని నన్నే తిట్టాడు. ఆ లక్ష్మికి దూది గొంతులు పట్టవు కాబోలు.

ఆ ఆదివారం ఇంట్లో అమ్మ పక్క మగ్గాలవాళ్ల నూలుకు ఎరుపు రంగు వేసి, మిగిలిన రంగునీళ్లు పెరట్లో పారబోయబోయింది. రంగు పట్టడానికి అందులో గుప్పిళ్లకొద్దీ ఉప్పు వేస్తారు. గుంటకు కావలసింది ఉప్పూ తడీ. "ఉండమ్మా, పారబొయ్యొద్దు" అని కేక పెట్టాను.

సోమవారం నుంచి ఆదోని బస్సులో ఒక చేతిలో అన్నం క్యారియరు, ఒక చేతిలో రంగునీళ్ల డబ్బా. కండక్టరు రోజూ ఒకటే ఎగతాళి. "ఏందక్కా, ఓళీ ఆడను పోతాండావా?" బస్సు కుదుపులకు చీరంతా ఎర్ర మరకలు. భుజం లాగేసేది. అలిసిపోయి ఒకసారి బస్టాండులోనే కూర్చుని ఏడ్చాను. కానీ అంకె కదల్లేదు. గుంట ఎర్రబడటం చూసిన సావుకారి కుంకుమ నీళ్ల మాదిరి ఉందని ముచ్చటపడ్డాడు కూడా.

ఇంక షెడ్డు కడవ నీళ్లు అక్కర్లేదు సార్, వాళ్లకు నిండు కడవ ఇప్పించండి అని అడిగాను.

"ఇన్నాళ్లూ సగంతో జరిగిపోయింది గదమ్మా. ఎవరన్నా సచ్చినారా?" అన్నాడు. ఆ మిగిలిన సగం కడవ ట్యాంకరులోనే ఉండిపోయింది.

ఈ మాట పెద్దామెకు ఎలా చెప్పాలో తెలియక మధ్యాహ్నం వరకూ షెడ్డు వైపు వెళ్లలేదు. చివరికి వెళ్లి చెప్పేశాను. తిడుతుందని ఎదురు చూశాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

ఆమె తన వంతు అర గ్లాసు తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది. "పోనీలే తల్లీ. నీ పనన్నా నిలబడింది గదా" అని, దూదిలోకి వెళ్లిపోయింది.