ఇరవైమంది నెత్తురూ నాదే

వచ్చిన జ్వరం ఫలానాదని మనకి తెలిసేసరికి ఆ జ్వరమే విసుగెత్తి వెళ్ళిపోయే రోజులవి. వేలి కొసన సూదితో గుచ్చి, గాజుపలక మీద నెత్తుటి చుక్క రాసి, ఆరబెట్టి, కాగితంలో చుట్టి, సంతరోజు బస్సులో కింద ఆసుపత్రికి పంపాలి. అక్కడ ఒకాయన మైక్రోస్కోపులో చూసి జవాబు రాస్తే, అది మరో సంతరోజు బస్సెక్కి కొండమీదికి వచ్చేది. ఇప్పుడు మా వీధి చివర ల్యాబువాడు పొద్దున్నే నెత్తురు తీసుకుంటే, నేను ఇంటికొచ్చి కాఫీ తాగేలోపు ఫోనులో అంకెలన్నీ వచ్చి పడుతున్నాయి. మంచిదే. కానీ అరకు దాటి ఆ పైన కొండల్లో, రేకుల గదిలో, మలేరియా వర్కరుగా నా మొదటి ఉద్యోగం వెలగబెట్టిన రోజుల్లో ఇలాంటి సదుపాయం ఒకటి హఠాత్తుగా ఊడిపడి నా పరువు ఎలా తీసిందో తలచుకుంటే, యాభై దాటిన ఈ వయసులో కూడా చెవులు వేడెక్కుతాయి.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. అనకాపల్లి దగ్గర పల్లంలో, ఇంటినిండా జనం మధ్య పెరిగినవాణ్ణి. ఆర్డరు చేతికి రాగానే కొండ మీదికెళ్ళి జనాన్ని ఉద్ధరించేస్తానని మా నాన్నతో చెప్పాను ("ముందు అన్నం వండుకోవడం నేర్చుకో" అన్నాడాయన). తీరా వెళితే, ఉద్ధరించబడటానికి అక్కడెవరికీ తీరిక లేదు. తెల్లారితే ఊరంతా కాఫీ తోటలకో పోడు చేలకో పోయేది, పొద్దువాలాక ఎవరి పొయ్యి దగ్గర వాళ్ళు. నాతో మాట్లాడవలసిన అవసరం ఒక్క ప్రాణికీ కనబడలేదు. రేడియోలో వార్తలు చదివే ఆవిడ నమస్కారం అంటే నేను తిరిగి నమస్కారం పెట్టేవాణ్ణి. ఒక వారమైతే సంతలో ఉల్లిపాయలు బేరమాడుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించి ఉలిక్కిపడ్డాను. నవ్వులాటకి చెప్తున్నాను గానీ, ఆ ఒంటరితనానికి చాలాసార్లు ఏడ్చాను కూడా.

పోనీ ఉద్యోగమైనా సాగిందా అంటే అదీ లేదు. నెలకి ఇన్ని స్లైడులు పంపాలని లెక్క ఉండేది. నేను పెట్టె భుజాన వేసుకుని గడప గడపకీ వెళితే ఒక్కరూ వేలు ఇచ్చేవారు కాదు. ఊరికి పెద్దదిక్కులాంటి ఒక ముసలమ్మ ఉండేది. చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, ఆ నిప్పు నోట్లో ఉండగానే స్పష్టంగా మాట్లాడగలిగేది. ఆవిడే నాకు సమాధానం చెప్పింది. "నీకు ముందొచ్చినోడూ ఇలాగే మా నెత్తురు పట్టుకుపోనాడు బాబూ. ఏటైందో మళ్ళీ వొచ్చి సెప్పనేదు. నువ్వూ పట్టుకుపోతావు. దేనికి మాకిది?" అంది. పెట్టె మూసుకుని వెనక్కి వచ్చాను. న్యాయంగా చూస్తే ఆ మాటకి సర్కారు దగ్గర కూడా జవాబు లేదు.

నెలాఖరు వచ్చింది. స్లైడులు లేకపోతే జీతం ఆపుతామని కింద నుంచి చీటీ వచ్చింది. అప్పుడు నా బుర్రకి ఒక దివ్యమైన ఆలోచన తట్టింది. నెత్తురు ఎవరిదైనా నెత్తురే కదా! బడి గోడకి అంటించిన ఓటర్ల జాబితాలోంచి ఇరవై పేర్లు ఎత్తి నా రిజిస్టరులో రాసుకున్నాను. వయసుల గడి వానకి చెరిగిపోతే నా ఊహకి తోచిన వయసులు వేసి, ఎడమచేతి వేళ్ళు వరసగా గుచ్చుకున్నాను. మనుషులు వేరువేరని నమ్మకం కలగాలని కొన్ని పలకల మీద పలచగా, కొన్నిటి మీద చిక్కగా రాశాను (ఆ శ్రద్ధలో సగం చదువు మీద పెట్టి ఉంటే డాక్టరునే అయ్యేవాణ్ణి). ఎడమచెయ్యి అయిపోయి కుడిచేతికి వచ్చాను. ఆ మర్నాడు ఆవకాయ అన్నం కలుపుకునేసరికి ప్రాణాలు పోయి తిరిగొచ్చాయి. అయితేనేం, జీతం వచ్చింది. రెండో నెల అదే పని, మూడో నెలా అదే. నిజం చెప్పాలంటే ఒక్కొక్క పేరూ పైకి చదివి, "ఏవమ్మా మంగ్లీ, చెయ్యి చాపు, నొప్పెట్టదులే" అని నా వేలికి నేనే ధైర్యం చెప్పుకుంటుంటే, ఎవరో వచ్చి నా ఎదురుగా కూర్చున్నట్టే ఉండేది.

నాలుగో నెల స్లైడులు తీసే రోజున ఒళ్ళంతా నొప్పులు, వణుకు. కొండగాలి పడలేదనుకున్నాను. ఊళ్ళో మలేరియా కనిపెట్టడానికి సర్కారు పెట్టిన మనిషిని, నా ఒంట్లో మలేరియాని పోల్చుకోలేకపోయాను. సంచిలోని మాత్రలు రెండు మింగి, చేదుగా ఉన్నాయని మానేశాను. ఇరవై పలకలూ బస్సెక్కించి దుప్పటి కప్పుకుని పడుకున్నాను. రోజు విడిచి రోజు జ్వరం వస్తూనే ఉంది. వారం తిరిగేసరికి జీపు మోత వినపడింది. బయటికొచ్చి చూస్తే కళ్ళజోడు పెట్టుకున్న మా డాక్టరు గారు, వెనక మందుల డబ్బాలు మోస్తూ ఇద్దరు మనుషులు. "ఇరవైకి ఇరవై మలేరియా! అందులోనూ చెడ్డ రకం! ఊరు ఊరంతా పడిపోయి ఉంటుందని పరుగెత్తుకొచ్చాం. నువ్వేం చేస్తున్నావయ్యా ఇక్కడ?" అన్నారు ఆయాసపడుతూ. అన్ని నెలల తర్వాత నా గుమ్మంలోకి మనుషులు వచ్చారన్న సంతోషం ఒక్క క్షణం కలిగింది, మరుక్షణం రిజిస్టరులోని ఇరవై పేర్లూ గుర్తొచ్చాయి.

డాక్టరు గారి దగ్గర కొత్త వస్తువు ఒకటుంది. అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగ్గా తెల్లటి కార్డు. నెత్తుటి చుక్క వేసి, నాలుగు చుక్కలు మందునీళ్ళు వేస్తే అందులో గీత వస్తుంది. ఒక గీతైతే ఏమీ లేదు, రెండు గీతలైతే మలేరియా. మైక్రోస్కోపు అక్కర్లేదు, బస్సు అక్కర్లేదు. జీపు మోతకి చేరిన జనానికి ఆయన ఇదంతా చెబుతుంటే ముసలమ్మ ముందుకొచ్చింది. "పట్టుకుపోవు కదా? ఇక్కడే సెప్పేత్తావా?" అంది. "మీ కళ్ళముందే చెప్తానమ్మా" అన్నారాయన. అంతే, నాలుగు నెలలుగా నాకు గోరు కూడా చూపించని మనిషి తన వేలు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆవిడ వెనకే ఊరంతా వరస కట్టింది.

ఒక గీత. ఒక గీత. ఒక గీత. అరుగు మీద కార్డులు పరుచుకుంటూ పోతుంటే డాక్టరు గారి ముఖం మారుతోంది. నా రిజిస్టరు తీసి పేర్లు పిలవడం మొదలెట్టారు. "సోమ్రా, వయసు ముప్పై?" అంటే, "ఆడు పోయి రెండు పండగలెల్లిపోనాయి" అన్నారెవరో. "మంగ్లి, వయసు ఇరవై అయిదు?" అన్నారు. ముసలమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. "మంగ్లిని నానే. ఇరవయ్యయిదా? ఇంకోపాలి సదువు బాబూ" అంది. అందరూ ఘొల్లున నవ్వారు. డాక్టరు గారు నవ్వలేదు. స్తంభానికి ఆనుకుని వణుకుతున్న నన్ను చూసి, "నీ చెయ్యి ఇలా తే" అన్నారు. పది వేళ్ళూ తిప్పి తిప్పి చూశారు. గుచ్చడానికి ఖాళీ జాగా వెతుక్కోవలసి వచ్చింది ఆయనకి. నా కార్డు మీద మొదట ఒక గీత, చూస్తుండగానే దాని పక్కన రెండోది, ఊరు ఊరంతా చూస్తుండగా తేలాయి.

"ఇరవైమందీ నువ్వొక్కడివేనా?" అన్నారాయన మెల్లగా. అవునన్నాను. "ఇది రాసి పంపితే నీ ఉద్యోగం ఉండదు, తెలుసా?" అన్నారు. తెలుసు. ఉద్యోగం పోతే మా నాన్న ముఖం ఎలా చూడాలన్నదొక్కటే నా భయం. ముసలమ్మకి సంగతి అర్థం కాక, "ఏటి సేసినాడు?" అని అడిగింది. మీ పేర్లు చెప్పి తన వేళ్ళే గుచ్చుకున్నాడని డాక్టరు గారు విడమరిచి చెప్పారు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మా ఇంట్లో ఎవులికైనా బాగోకపోతే ఆల పేరు సెప్పి కోడిని కోత్తాం. ఈ ఎర్రిబాబు మా పేరు సెప్పి తన్నే కోసుకున్నాడేటి! మా జొరాలన్నీ ఈడికొచ్చి కూకున్నాయి. బేగి మందియ్యి డాట్రుబాబూ, తిట్లు తరవాత" అంది. ఈసారి డాక్టరు గారు కూడా ఆపుకోలేక నవ్వేశారు. నవ్వాక నా మీద రాయడం ఆయనవల్ల కాలేదు. నాకు మందులిచ్చి, కార్డుల పెట్టె ఒకటి నా గదిలో దింపి, "వచ్చే నెల ప్రతి కార్డు వెనకా ఒక నిజం మనిషి కనబడాలి. లేకపోతే అప్పుడు రాస్తాను" అని జీపెక్కారు.

నేను లేచి తిరిగేవరకూ రోజూ ఎవరో ఒకరు రాగులతో కాచిన చోడి అంబలి తెచ్చి పక్కన కూర్చునేవారు. లేచాక, జ్వరం వచ్చినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే నా అరుగు మీదికి రావడం మొదలైంది. ఇక్కడ నేను చేసిన రెండో మోసం చెప్పాలి. ఆ కార్డు తేలడానికి పావుగంట చాలు. నేను అరగంట అని చెప్పాను. పావుగంటకి లేచి వెళ్ళిపోతారేమోనని భయం. కార్డు నా మోకాలి చాటున పెట్టుకుని, ఇంకా తేలలేదు, ఇంకా తేలలేదు అంటూ ఊళ్ళో సంగతులన్నీ అడిగేవాణ్ణి. ఎవరి ఎద్దు తప్పిపోయిందో, ఎవరి పిల్లకి సంబంధం కుదిరిందో, కాఫీ గింజలకి సంతలో ఏం ధర పలికిందో నాకన్నీ తెలిసేవి. రెండు అరగంటలు మాట్లాడిన రోజున రేడియో కూడా పెట్టేవాణ్ణి కాదు.

మూడేళ్ళకి పల్లానికి బదిలీ అయింది. బస్సు దాకా ముసలమ్మ నా పెట్టె మోయించుకుని వచ్చింది. నా వంతుగా నిజం చెప్పేసి వెళ్ళాలనిపించి, "అమ్మా, ఆ కార్డు పావుగంటకే తేలిపోతుంది. మీ అందరికీ అరగంటని అబద్ధం చెప్పాను" అన్నాను. ఆవిడ చుట్ట పక్కకి జరుపుకుంది. "మాకు కళ్ళు నేవేటి బాబూ? నీ మోకాలి పక్క నుంచి గీత అగుపడతానే ఉంటాది కదా" అంది. "మరి తెలిసీ ఎందుకు కూర్చున్నారు?" అన్నాను. "ఒక్కడివే ఉంటావు. ఇంకాసేపు కూకుంటే మాకేటి పోద్ది?" అంది. నేను మాత్రం ఆ మూడేళ్ళూ వాళ్ళందరినీ భలే బురిడీ కొట్టించానని నాలో నేనే మురిసిపోతూ బతికాను.