బిళ్లల బాబాయి ఒంటి వాసన

మా పక్కింటాయన్ని వీధి వీధంతా బిళ్లల బాబాయి అంటుంది. కర్పూరం కార్ఖానాలో బిళ్లలు కొట్టడం ఆయన పని. పూర్వం కర్పూరం చెట్టు చెక్కను ఆవిరిలో ఉడికించి తీసేవారట. ఇప్పుడు పైన్ చెట్ల జిగురు తైలంతో ఎక్కడో తయారై, పొడిగా బస్తాల్లో వస్తుంది. ఆ పొడిని అచ్చులో పోసి పిడి నొక్కితే తెల్లటి బిళ్ల. గాలి తగిలితే హరించుకుపోతుందని ఆ గది కిటికీలు తెరవరు, ఫ్యాను వేయరు. పెళ్లికి ముందు నుంచీ అందులోనే ఉన్న మనిషి ముక్కు ఎప్పుడో చేతులెత్తేసింది. కూర మాడినా ఆయనకు తెలియదు. వాళ్లావిడకు అదొక సుఖం.

బీరువాలో బట్టలకు పురుగు పట్టకూడదన్నా, జలుబుకు నూనెలో కరిగించి ఛాతీకి రాయాలన్నా అందరూ ఆయన్నే అడిగేవారు. ఆయన బస్సెక్కితే పక్కవాడి జలుబు దిగిపోతుందని నేను ఏడిపించేవాణ్ణి.

బాబాయికి మనవరాలు పుట్టింది. పుట్టుకతోనే ఆయాసం. పిల్ల దరిదాపులకు కర్పూరం వాసన రానివ్వద్దని డాక్టరమ్మ చెప్పింది.

"ఏమీ అనుకోకండి మామయ్యా, వాసన పోయాక ఎత్తుకుందురుగాని" అని కోడలు గుమ్మంలోనే ఆపేసింది.

పోయిందో లేదో ఆయనకెలా తెలుస్తుంది?

మర్నాటి నుంచి స్నానం కాగానే తుండుగుడ్డతో మా పిట్టగోడ దగ్గర ప్రత్యక్షం. "అబ్బాయ్, కాస్త వాసన చూసి చెప్పరా."

మెడ, జుట్టు, మోచేతులు. నెరిసిన జుట్టుతో నేను ఇంకో మగాడి మెడలో ముక్కు పెడుతుంటే పాలవాడు సైకిలు దిగి మరీ చూశాడు. "సిగ్గులేకపోతే సరి, ఇద్దరికిద్దరూ!" అని మా ఆవిడ ధడాలున తలుపేసుకుంది.

"ఉంది బాబాయ్" అనేవాణ్ణి.

పనికి సెలవు పెట్టాడు. శనగపిండి, నిమ్మచెక్క, ఆఖరికి అంట్లు తోమే సబ్బు కూడా అయ్యాయి. ఒళ్లు కందిపోయింది. పాపం, రోజూ అదే ప్రశ్న, అదే జవాబు.

చివరికొక ఉదయం ఎంత పీల్చినా ఏమీ రాలేదు. "పోయింది బాబాయ్!" అని అరిచాను. ఉతికిన నా చొక్కా ఆయనకు తొడిగాను. ఆయన పరుగు, వెనక నేను.

కోడలు పిల్లను అందించబోయి ఆగింది. "మామయ్యా... ఇంకా వస్తోంది."

"వీడు పోయిందన్నాడే!"

ఆమె నా వంక చూసింది. "గుప్పుమంటోంది బావగారూ, మీకు రావడం లేదా?"

రావడం లేదు. రోజూ ఆయన మెడలో పెట్టి పెట్టి నా ముక్కూ చెడింది. తల దించుకున్నాను. చాచిన చేతులను ఏం చేసుకోవాలో తెలియక బాబాయి వాటితో నా చొక్కా అంచు సర్దుకున్నాడు.

"పోనీలేమ్మా. కాస్త పిల్ల మొహం ఇటు తిప్పు, చూస్తాను."

తిప్పింది. పిల్ల నిద్రలో మూతి ముడిచింది. చాలాసేపు చూసి, బాబాయి నా చెవిలో అడిగాడు: "ఒరేయ్, పసిపిల్లల దగ్గర వాసన ఎలా ఉంటుందిరా?"

చెబుదామని గట్టిగా ఊపిరి పీల్చాను. నాకేమీ తెలియలేదు.