ఆయ్ అంటే ఒప్పుకోవడం కాదు

మా ఆయనది కోనసీమ. అక్కడివాళ్ళు ఎదుటి పెద్దమనిషి మాట్లాడుతుంటే మధ్యమధ్యలో "ఆయ్" అంటారు. వింటున్నానండి, చెప్పండి అని. అంతకుమించి అందులో ఏమీ లేదు. ఆ మర్యాదే మా కొంప ముంచింది.

మేముండే గల్ఫు దేశంలో, మెసయీద్‌లో ఆయన పనిచేసే ప్లాంటులో అమెరికా వాల్వు ఒకటి పగిలి, గ్యాసు ఆయన గొంతులోకి పోయి కాల్చేసింది. వాల్వు చేసిన కంపెనీ మీద వాళ్ళ దేశపు ఫెడరల్ కోర్టులోనే కేసు వేశాం. ఆ వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదని ఆ కంపెనీ మనిషికి ఈయన ముందే ఫోన్లో చెప్పాడు. "ఏం కాదు, నడిపించండి" అన్నాడా మహానుభావుడు. ఈలోగా ఇక్కడి డాక్టరు గొంతులో పుండు ముదురుతోంది, స్వరపేటిక తీసేయక తప్పదన్నాడు, ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పన్నాడు. "అది తీసేసేలోగా నా మాట నా నోటితో చెప్పుకోవాలే" అన్నాడు మా ఆయన. ఆయన అడిగింది అదొక్కటే.

అసలు విచారణకి ముందే ఇరుపక్షాలూ ఒకరి దగ్గరున్న కాగితాలూ సాక్ష్యాలూ ఇంకొకరు రాబట్టుకోవడానికి అక్కడ గడువులు పెడతారు. దాన్ని డిస్కవరీ అంటారు. కాలిన గొంతు కళ్ళెదురుగా ఉంటే కొత్తగా కనిపెట్టడానికి ఏముందో నాకు తెలీదు. ఏమైతేనేం, ఈయన సాక్ష్యం ఆపరేషన్‌కి ముందే వీడియోలో తీసుకునేలా తేదీ కుదిరింది.

తర్వాత ఒక సాయంత్రం అల్ మన్సూరాలో మా ఫ్లాటులో నేను చేపలు కడుగుతుంటే మా అమెరికా లాయరు ఆయనకి ఫోన్ చేశాడు. అవతలివాళ్ళు ఇంకొంత టైము అడుగుతున్నారు, సాటి లాయర్లు కదా, కాదంటే బాగోదు, మీ సాక్ష్యంతో సహా గడువులన్నీ వాయిదా వేద్దాం అని ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పాడు. మా ఆయన బొంగురు గొంతుతో మాటమాటకీ "ఆయ్... ఆయ్" అన్నాడు. ఇంగ్లీషులో అలా అంటే సరేనన్నట్టట!

జడ్జి సంతకంతో కొత్త తేదీలు వచ్చాయి. మా తేదీ ఆపరేషన్ దాటిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. లాయరుకి ఫోన్ చేసి అరిచాను.

"మీ భర్త ఒప్పుకున్నారు మేడమ్. ఒకసారి కాదు, చాలాసార్లు."

"ఒప్పుకోలేదయ్యా, వింటున్నానన్నాడు!"

"జడ్జి ఆర్డరు మార్చాలంటే గట్టి కారణం చూపాలి. ఆపరేషన్ కొన్నాళ్ళు ఆపలేరా?"

ఇల్లు కాలి ఏడుస్తుంటే చుట్టకి నిప్పు అడిగినట్టు! అడిగింది శత్రువు కాదు, మేం పెట్టుకున్న లాయరు. ఆపరేషన్ సంగతి మొదటిరోజే చెప్పాను. ఫైల్లో రాసుకున్నాడు, బుర్రలోకి ఎక్కించుకోలేదు.

మా ఆయన్నీ వదల్లేదు. "ఏవండీ, అర్థం కాకపోతే నోరు మూసుకుని వినొచ్చుగా!"

"పెద్దమనిషి చెప్తుంటే బెల్లంకొట్టిన రాయిలా కూర్చుంటే ఏం బాగుంటదే?" అన్నాడు. ఆ మాటకి కూడా ఆయాసపడ్డాడు. నాకు ఏడుపొచ్చింది, కోపం మాత్రం తగ్గలేదు.

తేదీని ఆపరేషన్ కంటే ముందుకి మార్చమని లాయరు అర్జీ పెట్టాడు. అవతలివాళ్ళు ఆస్పత్రి కాగితాలు కావాలన్నారు. ఇచ్చాం. తమ డాక్టరు కూడా ఈయన్ని చూడాలన్నారు. చూడమన్నాం. జవాబివ్వడానికి మళ్ళీ టైము అడిగారు. గొంతులో ముదురుతున్నదానికి మాత్రం ఏ కోర్టూ వాయిదా ఇవ్వదు కదా. ఆపరేషన్ అయిపోయింది.

వాళ్ళు పెట్టిన తేదీ రానే వచ్చింది. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడచుట్టూ కట్టుతో, రాసి చూపించడానికి చిన్న బోర్డు ఒళ్ళో పెట్టుకుని కెమెరా ముందు కూర్చున్నాడు. ప్రతి మాటా టైపు చేసే కోర్టు ఉద్యోగిని అందరికీ చదివే సూచనలే ఈయనకీ చదివింది. తలెత్తి చూడనైనా లేదు.

"తల ఊపితే రికార్డులోకి ఎక్కదు. ప్రతి ప్రశ్నకీ నోటితో, అందరికీ వినపడేలా సమాధానం చెప్పాలి. అర్థమైందా?"

మా ఆయన తల ఊపాడు.