అల్లుడు నెట్టిన డిస్కు

మా ఆవిడ పుట్టిల్లు నందిగామ. అక్కడ నా మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. పప్పులో ఉప్పు ఎక్కువైందని నేనంటే, సరిగ్గా ఉన్న పప్పులోనూ అత్తగారు నీళ్లు పోసేస్తారు. ఇన్నేళ్ల అల్లుడి మర్యాదల్లో, నేను తప్పు చేయనని నాకు నిజంగానే నమ్మకం కుదిరింది.

బావమరిదికి అక్కడే ఫొటో స్టూడియో. అతను తీసే పెళ్లి వీడియోలు దాచడానికి జగ్గయ్యపేటలో మా ఇంట్లో సర్వర్ ఒకటి పెట్టాను. చిన్న పెట్టె. ముందు నుంచి డిస్కులు తోస్తే, వెనక బ్యాక్‌ప్లేన్ అనే పలకలో కూర్చుంటాయి. చోటు చాలడం లేదని, విజయవాడలో చవగ్గా దొరికిన పాత డిస్కులు తెచ్చాను.

మొన్న పెనుగంచిప్రోలులో పెళ్లి తీసి, తిరిగి వెళ్లేముందు మా ఇంటికొచ్చి వీడియో అంతా సర్వర్‌లోకి ఎక్కించాడు.

"రేపు నందిగామలో ఇంకో పెళ్లి బావా. పొద్దున్నే ఈ కెమెరా కార్డులు చెరిపేసి వాడుకుంటా" అన్నాడు. కొత్తగా తెచ్చిన డిస్కులు చూసి, "ఇవి మన పెట్టెకి సరిపోతాయా?" అన్నాడు.

"నన్నే అడుగుతున్నావా?"

"అబ్బే, ఊరికే" అని సర్దుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున డిస్కు తోశాను. పోలేదు. సైజు అదే, స్క్రూ రంధ్రాలు అవే. కానీ మా పలక సాటా రకం, నేను తెచ్చినవి సాస్ రకం. వాటి కనెక్టర్ మధ్యలో, ఖాళీ ఉండాల్సిన చోట ప్లాస్టిక్ ఉంటుంది. తప్పు పలకలోకి పోకుండా ఆపడానికే అది. కొనేముందు కాసేపు చదివి ఉంటే తెలిసేది. నేను మాత్రం పలకే బిగుతుగా ఉందని తీర్మానించి, కూరగాయల కత్తితో ఆ ప్లాస్టిక్ చెక్కేసి, మోకాలు ఆనించి నెట్టాను. టక్కుమంది. ఆ తర్వాత పెట్టెలో ముందు నుంచీ ఉన్న డిస్కులు కూడా తెర మీద కనపడలేదు. పెనుగంచిప్రోలు పెళ్లీ కనపడలేదు.

అతను కార్డులు చెరిపేస్తే ఆ పెళ్లి ఇక ఎక్కడా ఉండకపోవచ్చు. అది తెలిసీ, బావమరిదికి చెప్పుకోవడం నామోషీగా తోచి, నల్లటి తెర ముందు కాఫీ తాగుతూ కూర్చున్నాను. ఆ కాఫీ తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఏం చూస్తున్నారు, తాళి కట్టేశారా?" అంది మా ఆవిడ. తనే తమ్ముడికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టి నా చేతికిచ్చింది.

"చెప్పు బావా, మండపంలో ఉన్నా. కార్డు చెరపబోతున్నా."

"చెరపకు."

"ఏమైంది?"

"తప్పు డిస్కులు తెచ్చా. బలవంతంగా నెట్టి పలక పాడు చేసా. తప్పు నాదే."

అవతల సన్నాయి మోతలో అతను గొంతు పెంచాడు.

"అక్కా, పక్కనే ఉన్నావా? ఇంకోసారి అనమను, రికార్డు చేసుకుంటా. అమ్మకి వినిపించాలి."

"ముందు కార్డుల సంగతి చూడరా. అక్కడ పెళ్లికూతురు కూర్చునుంది."

తెలిసిన స్టూడియో నుంచి కార్డులు అడిగి తెచ్చుకుని ఆ పెళ్లి తీశాడట. సాయంత్రం పాత కార్డులు జేబులో పెట్టుకుని వచ్చాడు. అప్పటికి నేను డిస్కులన్నీ పెట్టెలోంచి తీసి, బల్ల మీద పరిచి, మదర్‌బోర్డుకు నేరుగా వైర్లు కలిపాను. పెళ్లి చెక్కుచెదరకుండా ఉంది. అతను చివరిదాకా చూసుకున్నాడు. తర్వాత సంచిలోంచి తన డిస్కు ఒకటి బయటకు తీశాడు.

"ఇకనుంచి ఒక కాపీ నా దగ్గర కూడా ఉంచుకుంటా బావా. ఏమీ అనుకోకు."

ఒక వైరు కాస్త వదులుగా ఉంది. కాపీ అయ్యేదాకా కదలకుండా పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను.