పురిటి రోజుల్లో పోయిన పాత ఇనిట్

పెళ్లికి ముందు నుంచే నేను ఒక చిన్న లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌కు, అంటే కంప్యూటర్‌ను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు, జీతం లేకుండా పనిచేసేదాన్ని. కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట లేచి, మిగతా ప్రోగ్రాములను లేపేదాన్ని ఇనిట్ అంటారు. మాకు రెండు ఇనిట్‌లు ఉండేవి. పాతది ఒక్కొక్కదాన్నే వరుసగా లేపుతుంది. కొత్తది అన్నిటినీ ఒకేసారి లేపుతుంది. ఎవరికి కావలసింది వారు పెట్టుకోవచ్చు. ఏది ఎప్పుడు లేవాలో రాసిపెట్టిన పాతదాని స్క్రిప్టులు చూసే బాధ్యత నాది.

పాతదాన్ని పట్టుకుని ఉండటం ఉత్త పంతం కాదు. మావాళ్లు మగ్గాల పనికి వలస వచ్చిన కామత్‌ఘర్‌లో, మా చర్చి వెనక గదిలో, ఎవరో వదిలేసిన కంప్యూటర్ల మీద మగ్గాల కార్మికుల ఆడపిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. రోజూ కరెంటు పోయి వచ్చేది. వచ్చిన ప్రతిసారీ ఆ ముసలి యంత్రాలు మళ్లీ మొదటి నుంచి లేవాలి. కొత్త ఇనిట్ పెడితే సగంలోనే బిగుసుకుపోయేవి.

పాప పుట్టింది. అమ్మ నా చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి, మంచం దిగనివ్వలేదు. పాలు సరిపోతున్నాయో లేదో అని ఒక దిగులు, ఇనిట్ పనివాళ్లమంతా మాట్లాడుకునే మెయిలింగ్ లిస్టులో ఏమవుతోందో అని ఇంకో దిగులు.

"ఒక్కసారి మెయిల్ చూస్తనమ్మా."

"ఏంది చూసేది? బాలెంతవు, ఆ డబ్బ ముందల కూసుంటే కండ్లు పోతయ్. నువ్వు చూడకపోతే అది ఏడుస్తదా? ఏడ్చేది ఈడున్నది, పట్టుకో."

ఆ రోజుల్లోనే లిస్టులో ఎవరో అడిగారు, పాత ఇనిట్‌ను చూసేవాళ్లున్నారా, జవాబు రాకపోతే తీసేస్తామని. జవాబు రాలేదు. తీసేశారు.

మంచం దిగాక అది చదివాను. కాన్పయిందని, స్క్రిప్టులు మళ్లీ చేర్చమని రాశాను. అంతవరకు నన్ను మగవాడనుకుని 'బ్రదర్' అని పిలిచినవాళ్లంతా శుభాకాంక్షలు పంపారు. పాప బరువెంత అని కూడా అడిగారు. స్క్రిప్టుల సంగతి ఒక్కరే ఎత్తారు, మళ్లీ ఇలాగే మాయమైతే ఎవరు చూస్తారని.

ఈలోగా చర్చి గదిలో పాస్టరుగారి తమ్ముడు కంప్యూటర్లన్నిటికీ పాత ఇనిట్ లేని కొత్త వెర్షన్ ఎక్కించాడట. నా దగ్గరున్న పాత సీడీతో సరిచేద్దామని పాపను ఎత్తుకుని పరుగెత్తాను. గది ఖాళీగా ఉంది.

"అవి చాలూ అయితలేవమ్మా. భంగార్‌వాలా వస్తే పాతినుము లెక్కన ఇచ్చేసినం," అన్నారు పాస్టరుగారు.

"నన్నొక్క మాట అడగకపోయిన్రా అయ్యగారూ?"

"బాలెంతవు గద, ఎట్ల అడుగుతం?"

గడప దగ్గర నిలబడ్డ, మా క్లాసులోని పెద్దపిల్ల, "క్లాస్ బందే గద అక్కా? రేపట్నుంచి పూర్ణ ఊర్లున్న గోదాంకు పోతున్న, ప్యాకింగ్ పని," అంది.

ఇంటికొచ్చి లిస్టు నుంచి తప్పుకుంటున్నానని రాశాను. ఎందుకని ఎవరూ అడగలేదు.